చెవులపిల్లి లెక్క: చలికాలంలో మన గుట్టలో ఏం చూడాలి, ఏం కాపాడాలి



పోయిన నెల మన గోడపత్రికలో ఏడో తరగతి తమ్ముడు ఒకడు కుందేలు బొమ్మ వేసినాడు. బొమ్మ చాలా బాగుంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, నోట్లో క్యారెట్టు. కింద "మన అడవి జంతువు" అని కలర్ పెన్నుతో రాసినాడు. అందరం మెచ్చుకున్నాము. కానీ ఆ తెల్ల కుందేలు మన అడవిది కాదు. అది యూరప్ వైపు అడవి కుందేలును మనుషులు పెంచి పెంచి తయారు చేసిన పెంపుడు జాతి. మన రామసముద్రం గుట్టల్లో తిరిగేది వేరే ప్రాణి. దాన్ని మన ఊళ్లలో చెవులపిల్లి అంటారు. పుస్తకాల్లో దానికీ కుందేలు అనే పేరే ఉంటుంది కాబట్టి తికమక వస్తుంది. తమ్ముడి తప్పేమీ లేదు. చెవులపిల్లి బొమ్మ ఏ చార్టులోనూ లేకపోతే వాడు మాత్రం ఏం చేస్తాడు?

ఈ వ్యాసంలో చెవులపిల్లి గురించి, దాన్ని కనబడకుండానే ఎట్లా లెక్క పెట్టాలో, చలికాలంలో దాని చోటును ఎట్లా కాపాడుకోవాలో నాకు తెలిసినంత రాస్తాను. కొంచెం పొడుగు వ్యాసమే. అన్నం బెల్లు కొట్టేలోపు అయిపోదు, రెండుసార్లుగా చదువుకోండి.

కుందేలు వేరు, చెవులపిల్లి వేరు

ఇంగ్లీషులో రాబిట్ అని ఒకటి, హేర్ అని ఒకటి ఉన్నాయి. తెలుగులో రెండింటికీ కుందేలే. రాబిట్ నేలలో బొరియ తవ్వి అందులో పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని, ఎలుక పిల్లల మాదిరి పుడతాయి. హేర్ బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటి నిండా వెంట్రుకలతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. పుట్టిన కొద్దిసేపటికే కదలగలవు. మన గుట్టల్లో రాబిట్ లేదు. మన చెవులపిల్లి కూడా హేరే.

దీని శాస్త్రీయ నామం లెపస్ నైగ్రికోలిస్. 1823లో ఫ్రెడెరిక్ కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టినాడు. లాటిన్ భాషలో నైగ్రికోలిస్ అంటే నల్ల మెడది అని అర్థం. మన దక్షిణాది చెవులపిల్లికి మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. తోక మీది భాగం కూడా నలుపే. మిగతా ఒళ్లు ఎండిన కసువు రంగు, కడుపు తెలుపు. పెద్దది రెండు మూడు కిలోలు తూగుతుంది. పగలంతా పొద కిందనో, కసువు దుబ్బు మధ్యలోనో కదలకుండా పడుకుంటుంది. మాపటేళ లేచి తెల్లారే దాకా మేస్తుంది.

బొరియ లేదు అనే మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. ముందు ముందు నేను చెప్పబోయే సంగతులన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. ఎలుకకు అగ్గి వచ్చినా కుక్క వచ్చినా బొరియలో దూరే దారి ఉంటుంది. చెవులపిల్లికి ఉన్న ఇల్లు ఒక్క పొద మాత్రమే. ఆ పొద పోతే దానికి ఇల్లు పోయినట్టే.

ఇంకొక విచిత్రం. ఇది తిన్న కసువును రెండుసార్లు అరిగించుకుంటుంది. ఆవు, మేక నెమరు వేస్తాయి కదా. దీనికి నెమరు లేదు. మొదటిసారి మెత్తటి ఉండలు వేసి, వాటిని తానే మళ్లీ తినేస్తుంది. రెండోసారి వచ్చేవి గట్టి పెంటికలు. మనకు గుట్టలో దొరికేవి ఈ రెండో రకమే. మా బెంచీలో ఈ సంగతి చెప్తే "ఛీ" అన్నారు. అయితే కసువులోని సారం ఒక్కసారికి రాదు, అందుకని దానికి అది తప్పదు.

చలికాలమే ఎందుకు?

మన పక్క అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా ఈశాన్య వానలు పడతాయి. ఆ రోజుల్లో కసువు మోకాలెత్తు ఉంటుంది, నేల తడి. పెంటికలు వానకు కరిగిపోతాయి, పేడపురుగులు, చెదలు కూడా వాటిని ఖాళీ చేస్తాయి. సంక్రాంతి దాటినాక నేల ఆరుతుంది. పెంటిక పడింది పడినట్టు ఉంటుంది. కసువు వంగిపోయి నేల కనబడుతుంది. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది అంటారు కదా, సంక్రాంతికి శివరాత్రికి మధ్య ఉన్న ఈ కొన్ని వారాలే లెక్కకు మంచి అదను. శివరాత్రి దాటితే గుట్టలకు అగ్గి తగులుకునే కాలం వస్తుంది.

చెవులపిల్లికి కూడా ఇదే కష్టకాలం మొదలయ్యే సమయం. పచ్చి కసువు తగ్గిపోతుంది. అప్పుడది చిన్న చెట్ల చిగుళ్లు, పొదల బెరడు, రైతు చేలో ఉలవ మొక్క వెతుక్కుంటుంది. కసువు పలచబడినాక నక్కకూ, జంగుపిల్లికీ, కొమ్ముల గుడ్లగూబకూ అది తొందరగా కనబడుతుంది. మనుషులకూ కనబడుతుంది.

గుర్తులు చదవటం

చెవులపిల్లిని చూసి లెక్క పెట్టాలంటే కుదరదు. మీరు దాని పక్కనే నడిచిపోయినా లేవదు, కాలు దాదాపు మీద పడబోయేటప్పుడే ఎగిరి పారిపోతుంది. అందుకని అది వదిలిన గుర్తులను చూడాలి.

అన్నిటికన్నా సులువైనది పెంటిక. మేక పెంటిక మనకందరికీ తెలిసినదే, కోలగా, నున్నగా, నల్లగా ఉంటుంది. చెవులపిల్లి పెంటిక గుండ్రంగా, కొంచెం అణిగినట్టు, బిళ్లకూ గోలీకీ మధ్యలో ఉంటుంది. పుల్లతో చిదిపి చూస్తే లోపల పొట్టు పొట్టుగా కసువు పీచు కనబడుతుంది. కొత్తది ముదురు రంగు, పాతది బూడిద రంగు. చేత్తో పట్టుకోవద్దు, పుల్ల వాడండి, వచ్చినాక సబ్బుతో చేతులు కడగండి. ఇది చెప్పకపోతే వార్డెన్ సార్ ఈ కాగితం గోడ మీద ఉండనివ్వరు.

రెండోది కొరుకు. మేకకు పై దవడలో ముందు పళ్లు ఉండవు. అది కొమ్మను పట్టి లాగి తెంపుతుంది, తెగిన చోట పీచు పీచుగా ఉంటుంది. చెవులపిల్లికి పైనా కిందా పదునైన ముందు పళ్లు ఉన్నాయి. పైన ముందు పళ్ల వెనక ఇంకో చిన్న జత కూడా దాక్కుని ఉంటుంది. ఎలుక జాతికి ఆ రెండో జత లేదు, అందుకే శాస్త్రవేత్తలు కుందేళ్లను ఎలుకల్లో కలపరు. ఆ పళ్లతో కొరికిన కొమ్మ బ్లేడుతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. మోకాలి కన్నా తక్కువ ఎత్తులో అటువంటి కోత కనబడితే అది చెవులపిల్లి పని కావచ్చు.

మూడోది అడుగు. చెవులపిల్లి గెంతేటప్పుడు ముందు కాళ్లు ఒకదాని వెనక ఒకటి పడతాయి. వెనక కాళ్లు వాటిని దాటి ముందుకు వచ్చి జంటగా పడతాయి. అంటే మట్టిలో రెండు చిన్న అచ్చులు వెనక, రెండు పొడుగు అచ్చులు ముందు ఉంటాయి. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు, అది పోయిన దిక్కుకు వెనక్కి వెతుకుతారు. పొడుగు అచ్చులు ఉన్న వైపే అది పోయింది.

నాలుగోది పడక. పొద అడుగున, కసువు దుబ్బు పక్కన మన రెండు అరచేతులు కలిపి పెట్టినంత గుంట నున్నగా ఉంటుంది. వెంట్రుకలు కూడా దొరకవచ్చు. పడక దొరికితే దాని దగ్గర తొక్కులాడకూడదు. ఒకవేళ అందులో పిల్ల ఒక్కటే కదలకుండా కూర్చుని ఉంటే "అయ్యో తల్లి లేదు" అని హాస్టల్‌కు ఎత్తుకుని రావద్దు. హేర్ జాతుల్లో తల్లి పగలు పిల్ల దగ్గర ఉండదు. ఉంటే దాని వాసనకు నక్క వస్తుంది. చీకటి పడినాక వచ్చి పాలిచ్చి పోతుంది. మనం ఎత్తుకొస్తేనే దానికి తల్లి లేకుండా పోతుంది.

తాడు, మేకు, నోటుబుక్కు

ఇప్పుడు లెక్కకు వద్దాము. మన దేశంలో 2006 నుంచి నాలుగేళ్లకొకసారి పెద్దపులుల లెక్క జరుగుతోంది. అందులో పులులను మాత్రమే కాదు, వాటి ఆహారమైన జంతువుల గుర్తులు కూడా చూస్తారు. అటవీ సిబ్బంది అడవిలో ఒక గీత వెంట నడుస్తారు. ప్రతి 400 మీటర్లకు ఆగి, 2 మీటర్ల వెడల్పు 20 మీటర్ల పొడుగు పట్టీలో ఏ జంతువు పెంటికలు ఎన్ని ఉన్నాయో రాసుకుంటారు. ఆ ఫారాల్లో కుందేలుకూ చోటు ఉంటుంది. నల్లమలలో చెంచులు కూడా అడవి కాపలా పనిలో ఉన్నారు. వాళ్లు అడుగు చూసి చెప్పిన మాటకు అక్కడ విలువ ఉంది.

మన గుట్టలో పరిక కంప, రేగు కంప ఎక్కువ. 20 మీటర్ల పట్టీ గీయాలంటే ఒళ్లంతా గీసుకుపోతుంది. అందుకని సున్న పద్ధతి మేలు. 1 మీటరు 78 సెంటీమీటర్ల తాడు తీసుకుని ఒక కొసకు మేకు కట్టి నేలలో దిగగొట్టాలి. రెండో కొస పట్టుకుని చుట్టూ తిరిగితే ఒక సున్న వస్తుంది. లెక్కల సార్ నేర్పిన సూత్రం ప్రకారం 3.14 × 1.78 × 1.78 = 9.95. అంటే దాదాపు 10 చదరపు మీటర్లు. ఆ సున్న లోపల పడిన పెంటికలే లెక్క, బయటివి కాదు.

సున్న ఎక్కడ గీయాలి? ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పెంటికలు కనబడిన చోట మేకు దిగగొడతారు. అట్లా చేస్తే గుట్టంతా చెవులపిల్లులే ఉన్నట్టు లెక్క వస్తుంది. ముందుగానే నిర్ణయం చేసుకోవాలి. ఉదాహరణకు, వంక దగ్గర నుంచి పెద్ద గుండు దాకా సూటిగా నడుస్తాము, ప్రతి యాభై అడుగులకు మేకు కొడతాము అని అనుకోవాలి. యాభయ్యో అడుగు బండ మీద పడితే బండ మీదనే లెక్క. అక్కడ ఏమీ లేకపోతే "0" అని రాయాలి. ఆ 0 కూడా సమాచారమే. నోటుబుక్కులో 0 రాయటానికి చాలామందికి మనసు ఒప్పదు, ఏదో ఓడిపోయినట్టు ఉంటుంది. "నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అనేవాడిని ఈ పనికి తీసుకుపోకూడదు. కుందేలు లెక్కకు పోతున్నాము కాబట్టి ఆ సామెత మనకే సరిగ్గా తగులుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది ఊహించిన లెక్క మాత్రమే. గుట్ట దిగువన పది సున్నల్లో మొత్తం 45 పెంటికలు వచ్చాయి అనుకోండి. పైన పోయిన ఏడు కాలిన చోట పది సున్నల్లో 5 వచ్చాయి అనుకోండి. సరాసరి సున్నకు 4.5, 0.5. దీన్ని బట్టి చెవులపిల్లులు దిగువను ఎక్కువ వాడుతున్నాయి అని చెప్పవచ్చు. దిగువన తొమ్మిది రెట్లు చెవులపిల్లులు ఉన్నాయి అని చెప్పకూడదు. ఒక్క చెవులపిల్లే రోజుకు వందల పెంటికలు వేస్తుంది. ఒకటే పదిసార్లు అక్కడికి వచ్చి ఉండవచ్చు. పైన చెదలు ఎక్కువ ఉండి తినేసి ఉండవచ్చు. పెంటికల లెక్క పోల్చుకోవటానికి పనికి వస్తుంది, తలలు లెక్క పెట్టటానికి కాదు.

ఇంకా బాగా కావాలంటే మొదటి రోజు సున్నలోని పెంటికలన్నీ ఏరి బయట పారేసి, పదిహేను రోజుల తర్వాత వచ్చి కొత్తగా పడినవి మాత్రమే లెక్క పెట్టాలి. అప్పుడు పాతవి కొత్తవి కలవవు. వచ్చే ఏడు మళ్లీ అదే అదనులో, అదే గీత మీద, అదే తాడుతో చేస్తే పెరిగినాయా తగ్గినాయా తెలుస్తుంది. ఒక్కసారి చేసి వదిలేస్తే ఉపయోగం తక్కువ.

బండి బాటలో అడుగులు చూడటానికి ఇంకొక ఉపాయం ఉంది. మాపటేళ వేపకొమ్మతో నాలుగు మూరల నేల ఊడ్చి, మెత్తటి మట్టి పరచాలి. తెల్లారి జీవాలు కొండకు రాకముందే పోయి చూడాలి. ఆలస్యమైతే గొర్రెల గిట్టలు తప్ప ఏమీ మిగలవు.

కలివికోడిని పట్టించిన ఐతన్న

ఈ మట్టి పట్టీల ఉపాయం మన పక్క జిల్లా కడపలో పెద్ద పనికి ఉపయోగపడింది. కలివికోడి అని ఒక పక్షి ఉంది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. 1900 తర్వాత 86 ఏళ్లు అది శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు, అంతరించిపోయింది అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే ఆయన వచ్చి కడప జిల్లా ఊళ్లలో బొమ్మ చూపించి విచారించినాడు. 1986 జనవరిలో, అంటే చలికాలంలోనే, లంకమల అడవి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చి చూపించినాడు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆ పక్షి రాత్రి మాత్రమే తిరుగుతుంది, కనుక 2000 తర్వాతి పరిశోధనలో మట్టి పట్టీలు పరచి అడుగులు చూసినారు, దారుల పక్కన తమంత తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టినారు. ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది.

పుస్తకాలు చదివినవాళ్లు 86 ఏళ్లు కనుక్కోలేనిది, పిట్టలు పట్టే చెయ్యి కనుక్కున్నది. ఈ సంగతి సైన్సు సార్ చెప్పినప్పుడు నాకు మా తాత గుర్తుకు వచ్చినాడు. తాత ఒకప్పుడు చెవులపిల్లికి ఉచ్చు వేసేవాడు. దాచి చెప్పటం ఎందుకు, మనలో చాలామంది ఇళ్లలో తాతలకు ఆ పని తెలుసు. కరువులో అదే కూర. తాత గెనిమ మీద నిలబడి "రాత్రి ఇట్ల దిగినాది, ఉలవ చేలో తిని, అట్ల కలివి గుబురు కాడికి పోయినాది" అని చెప్పేవాడు. నాకు అప్పుడు ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు పైన నేను రాసిన నాలుగు గుర్తుల్లో పెంటిక, అడుగు, పడక మూడూ తాత దగ్గర నేర్చుకున్నవే. పళ్ల సంగతి ఒక్కటే పుస్తకంలోది.

మొన్న దొరికిన తీగ

మొన్న ఆదివారం సైన్సు సార్‌తో కలిసి మేము అయిదుగురం గుట్ట దిగువకు పోయినాము. సున్నలు గీయటం నేర్చుకుందామని. మూడో సున్న దగ్గర, రెండు కలివి పొదల మధ్య సందులో సన్నటి క్లచ్చి తీగతో ఉచ్చు కట్టి ఉంది. పక్కన కసువులో వెంట్రుకలు. మాలో ఒకడు తీసేద్దాం అన్నాడు. ఇంకొకడు "వద్దురా, ఎవరిదో ఏమో, వాళ్లకు కోపమొస్తాది" అన్నాడు. మూడోవాడు ఏమీ మాట్లాడలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది ఎవరిదో వానికి తెలుసని మాకు అర్థమయింది. సార్ ఎవరినీ ఏమీ అడగలేదు. తీగ విప్పి జేబులో పెట్టుకున్నారు. తిరిగి వచ్చినాక వార్డెన్ సార్‌కు చెప్పినాము. ఆయన కూడా పేర్లు అడగలేదు. నేనూ ఇక్కడ రాయను. గోడపత్రిక పోలీసు స్టేషను కాదు.

కానీ చట్టం తెలిసి ఉండాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం చెవులపిల్లిని వేటాడటం, ఉచ్చు వేయటం, మాంసం దగ్గర పెట్టుకోవటం నేరం. 2022లో చట్టాన్ని సవరించినాక మామూలు నేరాలకు జరిమానా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా పెరిగింది, మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు. "మనం గిరిజనులము కదా, మనకు హక్కు ఉంది" అని కొందరు అన్నలు అంటారు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం భూమికీ, తేనె వంటి చిన్న అటవీ ఫలసాయానికీ హక్కు ఇచ్చింది. వేటను మాత్రం అందులో నుంచి స్పష్టంగా తీసేసింది. ఒక్క చెవులపిల్లి కూరకు ఇంటి పెద్ద కోర్టుల చుట్టూ తిరిగితే ఆ ఇంట్లో పిల్లవాడి చదువు ఏమవుతుందో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఉచ్చుకు చెవులపిల్లి ఒక్కటే పడదు. నక్కా పడుతుంది, నెమలీ పడుతుంది, మేకపిల్లా పడుతుంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు కుక్కలను తీసుకుని గుట్టకు పోదాం అని ఎవరైనా పిలిస్తే ఏం జవాబు చెప్పాలో ఎవరికి వారు ఆలోచించుకోండి. నాకు కూడా అది అంత తేలిక కాదు. పిలిచేది చిన్నాయన.

"పనికిరాని పొద" సంగతి

ఇప్పుడు చోటు గురించి. చెవులపిల్లికి దట్టమైన పెద్ద అడవి అక్కరలేదు. బోడి నేల కూడా పనికిరాదు. దానికి మేయటానికి పొట్టి కసువు, దాక్కోవటానికి పొద, రెండూ పక్కపక్కన కావాలి. మన పక్క ఊళ్ల గుట్టల దిగువ అట్లాగే ఉంటుంది. కలివి, బలుసు, రేగు, తంగేడు, నడుమ నడుమ బోద కసువు. ఈ నేలను మనవాళ్లు పోరంబోకు అంటారు. ప్రభుత్వం అచ్చు వేసే బంజరు భూముల అట్లాసులో కూడా పొదల నేలకు ఒక వరుస ఉంది. బంజరు అనే మాట వినగానే "దీన్ని శుభ్రం చేసి నీలగిరి చెట్లు పెడదాం" అనిపిస్తుంది. నీలగిరి తోటలో నీడ ఉంటుంది, కానీ కిందికి చూస్తే కసువు పలచన, పొద ఉండదు. చెట్లు పెరిగినాయి కదా అని మనం సంతోషిస్తాము, చెవులపిల్లికి మాత్రం ఇల్లూ లేదు, కూడూ లేదు.

కలివికోడి మీద పరిశోధన చేసినవాళ్లు ఒక లెక్క చెప్పినారు. రెండు మీటర్ల కన్నా ఎత్తయిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోట ఆ పక్షి ఉండే అవకాశం ఎక్కువ. అంతకన్నా పలచనైనా, దట్టమైనా అవకాశం తక్కువ. చెవులపిల్లికి ఆ అంకెలే వర్తిస్తాయని నేను అనను. కానీ పొదకు కూడా ఒక కొలత ఉంటుందని దాన్ని బట్టి తెలుస్తుంది.

అమెరికాలో కూడా ఇటువంటి కథే జరిగింది. ఈశాన్య రాష్ట్రాల్లో న్యూ ఇంగ్లండ్ కాటన్‌టెయిల్ అనే స్థానిక కుందేలు ఉంది. అక్కడి పాత పొలాలు, పొదల నేలలు ముదిరి పెద్ద అడవి అయిపోయినాయి, కొన్ని చోట్ల ఇళ్లు లేచినాయి. 1960 తర్వాత ఆ కుందేలు తిరిగే ప్రాంతంలో 86 శాతం పోయింది. చలికాలంలో అక్కడ మంచు కురిసి నేలంతా తెల్లబడుతుంది. పక్క అడవిలోని ఇంకో జాతి చలికి తెల్లగా మారుతుంది. పాపం ఇది మారదు, గోధుమ రంగులోనే ఉంటుంది. పొద లేకపోతే తెల్ల గుడ్డ మీద మరక మాదిరి గద్దకు కనబడుతుంది. అందుకని అక్కడివాళ్లు చలికాలంలో మంచు మీద పెంటికలు ఏరి ప్రయోగశాలకు పంపి, డీఎన్ఏ చూసి అది ఏ జాతిదో తెలుసుకుంటారు. తర్వాత పెద్ద చెట్లను కొన్ని చోట్ల కొట్టి, పొదలు పెరగనిస్తారు. అడవి కోసం చెట్టు కొట్టటం మనకు వింతగా ఉంటుంది. ప్రభుత్వాలు, భూముల యజమానులు కలిసి ఆ పని చేసినందువల్ల 2015లో దాన్ని అంతరించే జీవుల పట్టికలో చేర్చవలసిన అవసరం లేదని అక్కడి ప్రభుత్వం తేల్చింది.

మనకు చెట్లు కొట్టే అవసరం లేదు, ఉన్న పొదను ఉండనిస్తే చాలు. మన గుట్టలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అగ్గి. కొత్త కసువు వస్తుందని కొందరు నిప్పు పెడతారు, కొందరు బీడీ ముక్క పారేస్తారు. కాలిన చోట వాన పడితే లేత కసువు వచ్చే మాట నిజమే, జీవాలు దాన్ని ఇష్టంగా మేస్తాయి. అయితే అగ్గి పెట్టిన రోజుకూ వాన పడే రోజుకూ మధ్య నెలలు ఉంటాయి. అన్ని నెలలు ఆ గుట్టలో దాక్కోవటానికి ఆకు ఉండదు. బొరియ లేని పిల్ల, కదలకుండా పడుకోవటమే తన రక్షణ అనుకునే పిల్ల, అగ్గి వచ్చినా పడకలోనే ఉంటుంది. అస్సాం వైపు గడ్డి మైదానాల్లో బిరుసు వెంట్రుకల కుందేలు అని ఇంకొక జాతి ఉంది. అది అంతరించే ప్రమాదంలో ఉంది, దానికి ఉన్న ముప్పుల్లో చలికాలం చివర పెట్టే అగ్గి ఒకటి. అటవీ శాఖవాళ్లు ఈ రోజుల్లోనే గుట్ట చుట్టూ కసువు చెక్కి ఫైర్ లైన్లు వేస్తారు. మన హాస్టల్ వెనక వైపు, బాట పక్కన రెండు మూడు మీటర్ల వెడల్పున ఎండు కసువు చెక్కి పారేస్తే బాట మీద పడిన నిప్పు గుట్ట ఎక్కదు. శ్రమదానం పీరియడులో చేయగల పని ఇది. పార్థీనియం పీకటం కన్నా మేలు అని నా అభిప్రాయం.

లంటానా సంగతి కొంచెం చిక్కు. పూలు అందంగా ఉంటాయి, కానీ అది అల్లుకున్న చోట కింద కసువు బతకదు. తీసేయాలి అనే మాట సరైనదే. ఒకేసారి మొత్తం తీసేస్తే దాని అడుగున దాక్కునే జీవాలకు ఆ చలికాలమంతా నీడ ఉండదు. ఈ ఏడు ఒక పట్టీ, వచ్చే ఏడు ఇంకో పట్టీ తీసి, తీసిన చోట రేగు, కలివి విత్తనం చల్లటం మంచిది. పొయ్యి కట్టెలకు పోయేవాళ్లు కూడా ఎండిన కొమ్మ తెచ్చుకోండి, పొదను మొదలంటా నరకకండి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టూ గుట్టలు ఒకప్పుడు బోడిగా ఉండేవి. జీవాలను ఆపి, నీటికి కట్టలు వేసి, మొక్కలు పెట్టి చాలా ఏళ్లు ఓపిక పట్టినందువల్ల అవి పచ్చబడినాయి. పక్షులను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు.

మేకలను పూర్తిగా ఆపాలని నేను అనను. మన ఇళ్లలో మేకలే ఫీజులు కట్టేవి. కొంచెం మేత పడితే కసువు పొట్టిగా ఉండి చెవులపిల్లికి కూడా అనుకూలమే. ఒకే చోట రోజూ మేపితే మాత్రం పొదకు చిగురు మిగలదు.

రైతు కష్టం కూడా చెప్పాలి. ఉలవ, పెసర, వేరుశనగ మొలకలను చెవులపిల్లి కొరికి పోతుంది. చలికాలం ఉలవ చేలో నష్టం చూసిన రైతుకు మన వ్యాసం నచ్చదు. చేను చుట్టూ నేల బారున రేగు కంప ఒత్తుగా పరిస్తే చాలావరకు ఆగుతుంది, ఎందుకంటే అది కంచె ఎగరటం కన్నా కింద సందు వెతకటమే ఎక్కువ చేస్తుంది. కరెంటు తీగ పెట్టటం మాత్రం చాలా ప్రమాదం. దానికి మనుషులు కూడా చనిపోతున్నారు.

నీళ్ల తొట్లు పెడదామా అని ఒకరు అడిగినారు. చెవులపిల్లికి పచ్చి మేతలోని నీరు, తెల్లారుజామున ఆకుల మీది మంచు తడి చాలావరకు సరిపోతాయి. తొట్టి పెడితే ముందుగా ఊరి కుక్కలు వస్తాయి. కాబట్టి వద్దు.

చివరగా కొన్ని జాగ్రత్తలు. ఎవరూ రాత్రి గుట్టకు పోకూడదు. టార్చిలైటు వేసి కళ్లు మెరిసేది చూద్దామని ఆశ ఉంటుంది, నాకూ ఉంది. కట్లపాము, రక్తపింజరి తిరిగే వేళ అదే. పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అభయారణ్యం వైపు ఊళ్ల నుంచి వచ్చిన మిత్రులకు ఏనుగుల సంగతి నేను చెప్పక్కరలేదు. పగలైనా సార్ లేకుండా, చెప్పులు లేకుండా పోవద్దు. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి.

వార్డెన్ సార్ వచ్చే ఆదివారం ఉదయం టిఫిన్ తర్వాత పదిమందికి అనుమతి ఇచ్చినారు. ఎనిమిదో తరగతి నుంచి అయిదుగురు, తొమ్మిది నుంచి అయిదుగురు. పేర్లు క్లాస్ లీడర్ల దగ్గర శుక్రవారం లోపల ఇవ్వాలి. ఇద్దరికి ఒక నోటుబుక్కు, ఒక పుల్ల. ఫొటో సార్ ఫోనులో తీస్తారు, పెంటిక పక్కన కొలతకు పెన్ను పెట్టాలి. పోయినసారి మొహం తిప్పుకున్న మిత్రుడు కూడా తన పేరు ఇచ్చినాడు. అడుగులు మాలో అందరికన్నా వానికే బాగా తెలుసు, అందుకని ముందు నడిచేది వాడే. తాడు, మేకు నా పెట్టెలో ఉన్నాయి.